ఉత్త చేతి కూత

తీగ పెట్టంగనే కంప్యూటర్ల నుంచి టింగుమని ఒక చప్పుడు రావాలె. రాలేదు. గిరి తీగ పీకి ఇంకో సందుల పెట్టిండు, దాని మూతి నోటితోటి ఊది మళ్ళ పెట్టిండు, ఫోన్‌ను అరచేతిల బోర్లేసి పసిపిల్ల వీపు తట్టినట్టు తట్టి ఇంకోసారి పెట్టిండు. కొత్త ల్యాప్‌టాప్ తెర మూలకు చిన్న డబ్బా ఒకటి లేచింది. ఈ పరికరం గుర్తించబడలేదు. లేచి కొంచెంసేపు ఉండి, నేను చదివిన్నో లేదో దానికి పట్టింపు లేనట్టు తనంతట తనే పోయింది. మహబూబ్‌నగర్ బస్టాండు ముంగటి రేకుల షాపుల, ప్లాస్టిక్ కుర్చీల, ఒళ్ళె బ్యాగు పెట్టుకొని కూసున్న నేను. కోయిల్కొండ దారిల మా ఊరు. పొద్దు వాలకముందే ఆడ మా ఇంటి ముంగటికి లారీ వస్తది, మా గొర్లను తీస్కపోతది. గిరి చేతిల ఉన్న పాత ఫోన్ల మా బాపు కూత ఉన్నది, గొర్లను పిలిచే కూత. అది గీ కంప్యూటర్లకు దిగితె నా ఫోన్లకు తీసుకుంట, నా ఫోన్ల నుంచి తమ్ముడు పరమేష్‌కు పంపుత, వాడు లారీల నిలబడి దాన్ని పెడ్తడు, మంద తనంతట తానే ఎక్కుతది. గింతే పని. బాపు నోట్ల నుంచి ఇప్పుడు కూత రాదు. గొంతుల మాట పుట్టే జాగానే డాక్టర్లు కోసి తీసిన్రు.

గిరి నాకంటె చిన్నోడు, అక్కా అంటడు. తప్పు ఫోన్‌ది కాదు, కంప్యూటర్‌ది కాదు, ఇద్దరి నడుమ మాట్లాడేటోడు ఒకడుండాలె, వాణ్ణి డ్రైవర్ అంటరు, గీ ఫోన్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడ్డది, ఇగ కొత్త విండోస్‌కు డ్రైవర్ రాసిచ్చేటోడు ఎవడు అని చెప్పుకొచ్చిండు. ఆఫీసుల రోజంతా కంప్యూటర్ ముంగటనే కూసుంట గని ఇవన్ని నాకు తెల్వదు, తెలిసినట్టు తలూపిన. కార్డు సందు మొదటి ఏడే విరిగింది, కూత ఫోన్ లోపటి మెమొరీలనే ఉన్నది, తెర కింది సగం వేలు పెడితె పలుకుతలేదు, దీనికి తెర దొరుకుతదా అని అడిగితె గిరి నవ్విండు. “అక్కా, దీనికి తెర కావాలంటె సాలార్‌జంగ్ మ్యూజియంల అడగాలె.” నేను నవ్వలేదు. వానికి అర్థమై నవ్వు ఆపుకొని, అటక మీద పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండాలె, దాంట్ల పాత విండోస్ అట్లనే ఉంచిన, దేనికన్న పనికొస్తదని, చూస్త ఆగు అని స్టూలెక్కిండు.

గుర్తించబడలేదు. ఈ మాట నేను రోజు పది మందికి చెప్పేదే. పింఛన్ల కోసం వచ్చే ముసలోళ్ళ బొటనవేళ్ళు మిషిన్ మీద పెట్టించుడు నా పనిల ఒక పని. బాయి తాడు గుంజీ గుంజీ, కొడవలి పట్టీ పట్టీ గీతలు పోయిన వేళ్ళు. మిషిన్ ఎర్రగ వెలుగుతది, సరిపోలలేదంటది. నేను నా చున్నీ కొసతోటి వాళ్ళ వేలు తుడిచి, జర గట్టిగ ఒత్తు తాతా అంట. ఒత్తుతరు. మళ్ళ ఎర్ర. నేనేనే బిడ్డా, వేరేటోణ్ణి కాదు అంటరు, మిషిన్‌కు చెప్తున్నట్టు వంగి. బాపు వేలు కూడ గట్లనే, ఎన్నడు ఒక్కసారికి పడలేదు. బీరన్న అనే మనిషి ముంగట కూసోని ఉంటడు, మిషిన్ మాత్రం లేడంటది. బాపును గుర్తుపట్టనీకి గొర్లకు మాత్రం ఏది అడ్డం రాలేదు. వాన పడుతున్నా, పొగమంచు కమ్మినా, పది మందలు ఒక్క కుంటకాడ కలిసిపోయినా, బాపు కూత పెడితె మా జీవాలు తలలెత్తి పక్క మందలల్లకెల్లి చీలుకొని వచ్చేటివి, వేరేటోళ్ళ గొర్రె ఒక్కటి రాకపోయేది, మనది ఒక్కటి ఆగకపోయేది. ఆ కూతను నేను రాసి చూపలేను. డిగ్రీ చదివినప్పుడు ఒకసారి రాసి చూద్దామని ప్రయత్నం చేసిన. నాలుక అంగిటికి కొట్టి మొదలుపెడ్తడు, నడుమ గొంతుల బండరాయి దొర్లినట్టు ఉంటది, కొసకు నీళ్ళు తాగేటప్పటి చప్పుడు లెక్క సన్నగ అయిపోతది. అక్షరాలల్ల ఏడ పెట్టాల్నో తెలువలేదు, కాయితం మడిచి పడేసిన.

గిరి అటక మీది నుంచి దుమ్ము దులుపుతున్నడు. దుమ్ము ఎండల మెరుస్తాంది. బాపుకు దుమ్ము పడదు, మెడల ఆపరేషన్ తూటు ఉన్నది గద, ముక్కుతోటి కాదు, ఆ తూటుతోటే గాలి పీలుస్తడు, మంద లేపిన దుమ్మంత నేరుగ ఊపిరితిత్తుల్లకే పోతది. డాక్టరమ్మ ఆపరేషన్ అయిననాడే చెప్పింది, గొర్లను వదిలిపెట్టమని. తడి గుడ్డ కట్టుకుంటనని బాపు చేతులతోటి సైగ చేసిండు. నేను ఆమెకు ఇంగ్లీషుల ఏదో సర్ది చెప్పిన, బాపు నన్ను ఎంత గర్వంగ చూసిండో. నేను చెప్పింది తన మాట కాదని, ఆమె మాటకు సరే అన్ననని ఆయనకు తెల్వదు. చదువుకున్న బిడ్డ నడుమ నిలబడి మాట్లాడుతాంది అనుకున్నడు. నడుమ మాట్లాడేటోడు ఒకడుండాలె అని గిరి ఇప్పుడే అన్నడు గద.

తెలంగాణ వచ్చిన ఏడే నేను డిగ్రీల చేరిన, ఇదే పాలమూరుల, బీసీ హాస్టల్ల. మా ఇంట్ల కాలేజీ గేటు లోపటికి అడుగుపెట్టిన మొదటి మనిషిని నేనే. ఫోన్ ఆ ఏడు స్కాలర్‌షిప్ పైసలు పడంగనే కొన్న, నల్లటిది, వెనుక మూత నొక్కితె కిర్రుమనేది. బాపు నెలకోసారి వచ్చేటోడు, భుజాన గొంగడి, చేతిల సద్ది మూట. ఫోన్ చేసుడు రాదు, వాచ్‌మన్‌ను అడుగుడు నామోషీ, గేటు కాడ నిలబడి కూత పెట్టేటోడు. మేడ మీద గదిల నేను లెక్కలు చేసుకుంట ఉంటె ఆ చప్పుడు కిటికీల నుంచి వచ్చేది, పెన్ను ఏడిదాడ పడేసి మెట్లు ఉరుకుకుంట దిగేదాన్ని. మల్లిక మందల కలవబోతాంది అని పిల్లలు నవ్వేటోళ్ళు, నేను కూడ నవ్వేదాన్ని, దిగంగ దిగంగ మేఁ అనేదాన్ని. గొర్లకాపరులు గేటు కాడ గోల చేయొద్దని వార్డెన్ మేడం గట్టిగ చెప్పింది ఒకసారి. బాపు అయినా పెట్టిండు, గొంతు కొంచెం తగ్గించి. ఒక్కటే కూత. ఒక్కసారి కూడ ఉత్త చేతులతోటి పిలువలేదు నన్ను. పల్లికాయనో, జున్నునో, రేగుపండ్లో, ఏదో ఒకటి గొంగడి మడతల ఉండాల్సిందే. మందకు ఎట్లనో నాకు అట్లనే. ఆ సంగతి నాకు శాన రోజులకు గని తెలువలేదు.

ల్యాప్‌టాప్ దొరికింది. లావుగ, ఇటుక లెక్క ఉన్నది. దాని బ్యాటరీ చచ్చిపోయింది, తీగ గోడకు పెడితెనే నడుస్తది. గిరి మీట నొక్కితె లోపట ఫ్యాను మూలిగింది, తెర నల్లగనే ఉండి, ఉండి, నీలంగ అయింది. టైం పడ్తది అక్కా, చాయ్ తాగుతవా అన్నడు. వద్దన్న. ఫోన్ చూసుకున్న, పరమేష్ దగ్గరి నుంచి మెసేజ్ వచ్చి ఉన్నది. దొరికిందా అక్కా. ఆ తర్వాత ఇంకొకటి. లారీ జడ్చర్ల దాటింది. వాడు జడ్చర్ల కంపెనీల పని చేస్తడు, బేరగాణ్ణి కుదిర్చింది వాడే. పెంచుకునేటోళ్ళకే అమ్ముతనని బేరగాడు వాని చేతిల చెయ్యి వేసి చెప్పిండంట. అమ్మ ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. మాలో ఎవలం నమ్మలేదు, ఎవలం నమ్మలేదని ఒకలతోటి ఒకలం అనుకోలేదు.

హైదరాబాద్ దవాఖానకు పోయే ముందునాటి సాయంత్రం. మాట పోతది, మనిషి ఉంటడు అని డాక్టరమ్మ చెప్పింది. మాట పోతదంటె నాకు మొదట తోచింది కూతనే. ఇంట్ల మంచం మీద బాపును కూసోబెట్టి, ఫోన్ మూతి కాడ పట్టి, ఒక్కసారి కూత పెట్టు బాపు, రికార్డు చేస్త అన్న. బాపు నా దిక్కు ఎట్ల చూసిండంటె, తప్పు మాట ఏదో నేను అన్నట్టు.

“గొర్లేవి?”

“గొర్లెందుకు బాపు, కూత చాలు.”

“ఉత్తగ ఎట్ల పిలుస్తరు బిడ్డా. చేతిల ఏం లేకుండ పిలిస్తె ఒకసారి వస్తయి. రెండోసారి చూస్తయి. మూడోసారి మనిషిని మరిచిపోతయి.”

అప్పటికే గొంతు సగం గరగర, ఈ మాటలు చెప్పనీకి ఎంతసేపు పట్టిందో. చెప్పి లేచిండు. దోటి పట్టుకొని బీడు దిక్కు నడిచిండు, నేను ఫోన్ పట్టుకొని వెనుక. తుమ్మచెట్టు కొమ్మలకు దోటి తగిలించి ఊపితె కాయలు గలగల రాలినయి. వాటిని ఊడ్చి కుప్ప చేసిండు, ఉప్పు చల్లిండు. మంద అవతల వాగు కాడ చెల్లాచెదురుగ మేస్తాంది. అప్పుడు నిలబడి, చెయ్యి చెవి వెనుక పెట్టి, కూత పెట్టిండు. గొంతుల పుండు ఉన్న మనిషి పెట్టిన కూత అది. వాగు దిక్కు తలలన్ని ఒక్కసారి లేచినయి. వచ్చినయి. అన్ని వచ్చినంక, ఇంకోటి తీసి పెట్టుకుంటె మంచిదని, ఇంకొక్కసారి బాపు అన్న. ఆఫీసుల అన్ని రెండు కాపీలు ఉంచాలని నేర్పిన్రు నాకు. బాపు తల అడ్డంగ ఊపిండు. “వచ్చినయి గద. వచ్చినంక మళ్ళ పిలిస్తె ఏమనుకుంటయి?” గందుకే మా దగ్గర ఉన్నది ఒక్కటే కూత.

పాత ల్యాప్‌టాప్ తెర మీద చుక్కలు గుండ్రంగ తిరుగుతున్నయి. తిరగనీ. అదన్న తిరుగుతాంది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చినంక ఆ ఫోన్ బాపుకే ఇచ్చిన, నేను వేరేది కొనుక్కున్న. ఎర్ర దారం కట్టి మెడల వేసుకున్నడు, తూటుకు కొంచెం కింద, రొమ్ము మీద. బొటనవేలు ఏడ పెట్టాల్నో రెండు రోజులు నేర్పిన. మూడోనాడు కాయలు రాల్చి, కుప్ప పోసి, నొక్కిండు. రొమ్ములకెల్లి కూత వచ్చింది. మంద ఆగిపోయింది. నల్లమచ్చ గొర్రె ఒకటి ఉండేది, అదే అన్నిటికి ముందు నడిచేది, అది బాపు మొఖం దిక్కు చూసి, ఫోన్ దిక్కు చూసి, మళ్ళ మొఖం దిక్కు చూసింది. మూతి కదులుతలేదు గద. ఎంతసేపు చూసిందో. తర్వాత తల వంచి నడిచింది, దాని వెనుక అన్ని. బాపు వాటి నడుమనే నేల మీద కూలబడ్డడు. నేను దూరంగ నిలబడి ఇది చూసిన, పోయి పక్కన కూసోవాలె అనిపించింది, పోలేదు. ఆ జాగా నాది కాదు.

అట్ల ఏండ్లు నడిచింది. మాకు బాపు సైగలు అలవాటైనయి. ఫోన్ల మాట్లాడాలంటె ఆయన చేతి వెండి కడెం ఉన్నది. అమ్మ ఫోన్ చెవి కాడ పెడ్తది, నేను అడుగుత, బాపు కడెంతోటి ఫోన్ మీద ఒక దెబ్బ కొడితె ఊఁ, రెండు కొడితె ఉహూఁ. తిన్నవా బాపు? టక్. దగ్గుతున్నవా? టక్ టక్. అబద్ధమే, వెనుక దగ్గు వినొస్తనే ఉంటది. ఎండకాలం మందను అమ్రాబాద్ అడివి అంచుకు తోలుకపోయేటోళ్ళు పోయినా బాపు మాత్రం ఊర్లనే ఉండిపోయిండు, ఫోన్ చార్జింగ్ కోసం. మంద కోసం అడివికి పోయే మనిషి చార్జింగ్ కోసం ఊర్ల ఉండుడు. అప్పుడు అది నాకు తమాషాగనే ఉండె.

కూతను నేను ఆఫీసు కంప్యూటర్ల దాచిన. అది మాత్రం చేసిన. అప్పటి కంప్యూటర్‌కు ఆ ఫోన్ తీగ పెట్టంగనే తెలిసేది, టింగుమనేది. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ చేసి పెట్టిన, అప్పుడప్పుడు ఉన్నదా లేదా అని చూసుకునేదాన్ని, వినకపోయేదాన్ని, ఊకె చూసుకునేదాన్ని. ఇంటర్నెట్ల ఏడనో దాచుకోవచ్చని తెలుసు. కాని సర్కారు ఆఫీసుల, సర్కారు బల్ల మీద, సర్కారు సీల్ ఉన్న పెట్టెల ఉన్నది ఎటు పోతది అనుకున్న. మా ఇంట్ల సర్కారు అంటె గుట్ట లెక్క, అది కదలదు. ట్రైనింగ్‌కని హైదరాబాద్ పోయి వచ్చేసరికి నా బల్ల మీద సన్నటి కొత్త కంప్యూటర్ ఉన్నది. పాతయి కొత్త విండోస్‌కు పనికిరావంట, వేలం వేసిన్రంట, లోపటియన్ని తుడిచే ఇచ్చిన్రంట. సారు మంచోడు, కోప్పడలేదు, సొంతయి ఆఫీసు కంప్యూటర్ల పెట్టుకోవద్దమ్మా అన్నడు. ఆయన మాట న్యాయమే. అయినా బాపు మెడల ఫోన్ ఉన్నది గద అని మనసు సముదాయించుకున్న. ఆదివారం ఇంటికి పోయి ఫోన్ తెచ్చి, తెల్లారి ఆఫీసుల కొత్త కంప్యూటర్‌కు పెట్టిన. గుర్తించబడలేదు. ఫోన్ లేని ఆ రెండు రోజులు గొర్లకు కూత లేదు, అందుకే తిరిగి ఇచ్చేసిన. మళ్ళ చూద్దాం అనుకున్న. మళ్ళ అనుకున్న ఆదివారాలు శాన పోయినయి.

ఈ వానాకాలం వాగు దాటుతుంటె ఫోన్ తడిసింది. తెర కింది సగం చచ్చింది. కూత మీట ఆ సగంలనే ఉండె, కూత ఆగిపోయింది. బాపు కట్టెతోటి రాయిని కొట్టిండు, గంట ఊపిండు, చప్పట్లు చరిసిండు. అమ్మ తన గొంతుతోటి పిలిచింది. తమ్ముడు పిలిచిండు. నేను పోయినప్పుడు నేను కూడ పిలిచిన, బాపు లెక్కనే అంగిటికి నాలుక కొట్టి. గొర్లు తలెత్తి చూసి మళ్ళ మేసినయి. ఒకనాడు మంద ఎవరి పల్లిచేన్లకో పోయింది. ఆ చేను ఆసామి ఇంటి మీదికి వచ్చిండు, నోరున్నోణ్ణి కాపలా పెట్టుకోవాలె అన్నడు. బాపు అరుగు మీదనే ఉన్నడు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదంట. తెల్లారి పరమేష్‌కు ఫోన్ చేసి మందను అమ్మేద్దాం అన్నది. బాపు ఏమన్నడే అని నేను అడిగితె, ఏమంటడు, ఊఁ అన్నడు అన్నది. ఆ ఊఁ ఎవలు విన్నరు? కడెం చప్పుడు నేను వినలేదు.

ఈ పొద్దు పొద్దుగాల నేను బస్సెక్కుతుంటె బాపు ఉరికొచ్చి ఫోన్‌ను పాత తువ్వాల ముక్కల చుట్టి నా చేతిల పెట్టిండు. మెడ కాడ ఎర్ర దారం ఒరిపిడికి తెల్లటి గీత పడ్డది, దాన్ని చూపిచ్చి, ఫోన్ చూపిచ్చి, రెండు చేతులు జోడించినట్టు చేసిండు. బాగు చేయించుకొని రా అని. కూత మళ్ళ వస్తదని ఆయన అనుకున్నడు. కూత వచ్చేది ఒక్కపూట కోసం, లారీ ఎక్కించనీకి అని ఎవలూ చెప్పలేదు. నేను కూడ చెప్పలేదు. బస్సు కదిలింది.

అమ్మ ఫోన్ వచ్చింది. “దొరికిందా బిడ్డా? లారీ వచ్చింది.” వెనుక ఇంజన్ మోత, గొర్ల అరుపులు. ఇంకా చూస్తున్నం అన్న. అమ్మ గొంతు తగ్గించి చెప్పింది, లారీకి చెక్క ఆనిచ్చిన్రంట, ఒక్కటి కూడ ఎక్కుతలేదంట, బేరగాని మనుషులు కాళ్ళు పట్టి గుంజుతమంటున్నరంట. సూడి గొర్లున్నయి మందల, గుంజితె కడుపులు పోతయి. బాపు కూత పడితె ఏ బాధ లేకుండ ఎక్కుతయి గద అన్నది.

“అమ్మా, బాపు ఉత్తగ పిలువద్దంటడు.”

“ఉత్తగెందుకు పిలుస్తం. లారీల తుమ్మకాయ పోసిన. ఉప్పు చల్లిన. నేనే చల్లిన.”

అమ్మ ఏడుస్తలేదు, లెక్క సరిచేసి అప్పజెప్పినట్టు చెప్పింది. గోపమ్మ అనే ఆమె పాతికేండ్లు ఆ మంద పాలు పితికింది, పిల్లలను చలికి తన కొంగుల కప్పింది, ఆమె ఉప్పు చల్లిందంటె అది ఉత్త ఉప్పు కాదు. నాకు తెలుసు. బాపుకు ఫోన్ ఇయ్యి అన్న. గొర్ల నడుమ ఉన్నడు, తర్వాత ఇస్త, నువ్వు తొందరగ పంపు అని పెట్టేసింది.

టింగ్.

ఉలిక్కిపడ్డ. పాత ల్యాప్‌టాప్‌కు గిరి తీగ పెట్టిండు, అది గుర్తుపట్టింది. చూసినవా అక్కా, పాతోళ్ళకు పాతోళ్ళు తెలుస్తరు అని గిరి తొడ కొట్టుకున్నడు. అంతలనే మళ్ళ మొఖం వాడిపోయింది. ఫోన్ ఒక మాట అడుగుతాంది, లోపటికి రానియ్యాల్నా అని, సరే అనే మీట చచ్చిన సగంల ఉన్నది. గిరి వేలితోటి, చెమట వేలితోటి, పెన్సిల్ మొనతోటి నొక్కిండు. పలకలేదు. నేను ఫోన్‌ను చేతిల తీసుకున్న. బాపుకు నేర్పినప్పుడు ఇది అడ్డం తిరిగితె తెర కూడ అడ్డం తిరిగి ఆయనను తికమక పెట్టేది, దాన్ని ఆపనీకి నేనే ఒక మీట నొక్కి పెట్టిన. ఆ మీట పై సగంల ఉంటది. అది తీసేసిన. ఫోన్‌ను పక్కకు తిప్పిన. తెర కూడ తిరిగింది, సరే అనేది బతికున్న దిక్కుకు వచ్చింది. నొక్కిన. ల్యాప్‌టాప్ల ఫోల్డర్లన్ని వరుసగ పరుచుకున్నయి, చీకటి గదిల ఎవరో కిటికీలు తెరిచినట్టు. కూత ఫైలు కనబడ్డది, ఏ పేరు లేదు దానికి, ఉత్త అంకెల పేరు, ఆ సాయంత్రం తారీఖు. ఆ తారీఖు నాకు ఎట్ల మరుపొస్తది. దాన్ని పట్టి ఇటు లాగిన, పచ్చటి గీత ఒకటి ఎడమకెల్లి కుడికి పాకి నిండింది. ఆడికెల్లి నా కొత్త ఫోన్లకు. నా కొత్త ఫోన్‌ను పాత ల్యాప్‌టాప్ గుర్తుపట్టనన్నది మొదట, గిరి పెన్‌డ్రైవ్ నడుమ పెట్టి ఈ చేతి నుంచి ఆ చేతికి అందిచ్చినట్టు దాటించిండు.

ఇప్పుడు నా ఫోన్ల ఉన్నది. పరమేష్ పేరు నొక్కిన, ఫైలు ఎంచుకున్న, పంపు అనే పచ్చటి బాణం కింద నా వేలు ఉన్నది. వేలు కింద ఒక కూత ఉన్నది, గొంతు కోయించుకోనీకి పోయే ముందు ఒక మనిషి తుమ్మకాయ రాల్చి, ఉప్పు చల్లి పెట్టిన కూత, వచ్చినంక మళ్ళ పిలువని కూత. పంపితె సూడి గొర్ల కడుపులు నిలుస్తయి. అది చిన్న మాట కాదు. నల్లమచ్చ గొర్రె పోయిన ఏడే చచ్చిపోయింది, దాని బిడ్డ ఇప్పుడు ముందు నడుస్తది, అది తల వంచి చెక్క మీద కాలు పెడ్తది, దాని వెనుక అన్ని. లారీల కాయలుంటయి, తింటయి. బాపు ఆడనే ఉంటడు. తన గొంతు లారీల నుంచి తన గొర్లను పిలుస్తుంటె నేల మీద నిలబడి వింటడు. తను ఇన్నేండ్లు ఒక్కసారి చెయ్యని పని తన గొంతు చేస్తుంటె వింటడు. మేము అమ్ముడు గురించి అడగలేదు, బేరగాని గురించి అడగలేదు, మాట లేదు గద అని మాట అడుగుడే మానేసినం. నాకు అప్పుడు అనిపించింది ఒక్కటే. ఇది మాత్రం అడగాలె.

పరమేష్‌కే ఫోన్ చేసిన. పంపినవా అన్నడు. బాపు చెవి కాడ పెట్టు అన్న. ఏమాయె అక్కా, టైం అయితాంది అన్నడు. పెట్టురా అన్న. నడిచిన చప్పుడు, గొర్ల గంటలు, ఇంజన్ మోత దూరమైంది. ఇగ ఒక ఊపిరి వినబడ్డది, ముక్కుల నుంచి కాదు, తూటు నుంచి వచ్చే ఊపిరి, దాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడ్త.

“బాపు, నీ కూత దొరికింది.”

టక్. గట్టిగ. కడెం ఫోన్ పగలగొడ్తదేమో అన్నంత గట్టిగ.

“బాపు, దాన్ని లారీల పెడ్తమంటున్నరు. నీ జీవాలను లారీ ఎక్కించనీకి. అమ్మ కాయలు పోసింది. కూత లేకుంటె గుంజి ఎక్కిస్తరంట, సూడియి ఉన్నయి.” నా గొంతు షాపు బయట ఆటోల హారన్లల్ల నాకే వినబడుతలేదు. “పంపాల్నా బాపు?”

ఊపిరి ఉన్నది. ఒక గొర్రె అరిచింది, దగ్గరనే, ఆయన పక్కన. ఊపిరి ఆగి మళ్ళ వచ్చింది. గిరి నా దిక్కు చూసి తల తిప్పుకున్నడు, తీగలు చుట్టుకుంట కూసున్నడు.

టక్.

ఇంకోటి కూడ వస్తదా అని నేను కాసుకొని ఉన్న. రాకుంటె పంపాలె. పచ్చటి బాణం నొక్కాలె.

టక్.

మెల్లగ పడ్డది రెండోది, గొర్రె పిల్ల తల మీద చెయ్యి పెట్టినంత మెల్లగ. తర్వాత ఫోన్ పరమేష్ చేతికి పోయిందో, మట్టిల పడ్డదో, అంత గోల. కాసేపటికి వాడే మాట్లాడిండు. “అక్కా, బాపు చూడు ఏం చేస్తుండో.” ఏం చేస్తుండురా అన్న. ఫోన్ అమ్మ తీసుకున్నది. “బేరగాని మనుషులను దూరం జరగమని సైగ చేసిండు బిడ్డా. ఒక్కొక్కదాన్ని ఎత్తుకుంటుండు. పొట్ట కింద చెయ్యి వేసి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొని పోయి లారీల దించుతుండు. సూడియి ముందు. ఆయన ఎత్తుకుంటె ఒక్కటి కూడ కాళ్ళు కొట్టుకుంటలేదు. దుమ్ము, బిడ్డా, ఆ మెడ గుడ్డ కూడ జారిపోయింది, ఎవలన్న ఆపండంటె ఎవలు ఆపుతరు.” అమ్మ ఫోన్ పెట్టలేదు. గంటల చప్పుడు వినబడుతాంది, ఒకటి ఆగంగనే ఇంకోటి, నేల మీది నుంచి లారీల్లకు. నేను వినుకుంట కూసున్న. మంద పెద్దదే. బాపుకు శానసేపు పడ్తది.

పంపు అనే బాణం నుంచి వెనుకకు వచ్చిన. ఫైలు నా ఫోన్లనే ఉన్నది, అంకెల పేరుతోటి.

గిరి పాత ఫోన్‌ను తువ్వాల ముక్కల చుట్టి నా ముంగట పెట్టిండు. దుమ్ము చేతులు తుడుచుకుంట, పాత ఫోన్ల నుంచి తీసినయి ఒక్కోసారి సగంల ఆగిపోతయి అక్కా, ఒక్కసారి పెట్టి వినుకో, సక్కగ వచ్చిందో లేదో అన్నడు. బస్టాండుల కోయిల్కొండ బస్సు వెనుకకు మలుగుతాంది, ఈల వినొస్తాంది. నేను బ్యాగుల ఫోన్ పెట్టుకొని జిప్ గుంజిన.

“వద్దు తమ్మీ,” అన్న. “ముంగట గొర్లు లేవు గద.”